బయటి హార్డ్ డిస్క్ వేగం: పెట్టె మీద 5 గిగా, చేతికి వచ్చేది 30 మెగా. ఎలా కొలవాలి?

సింగ్‌నగర్ స్టూడియో | జులై 6, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. విజయవాడ సింగ్‌నగర్‌లో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు కింది అరలో ఉన్న రెండు హార్డ్ డిస్కులు నీళ్లపాలయ్యాయి. వాటిలో పదకొండు పెళ్లిళ్లు ఉన్నాయి. ఆ ఇళ్లకు ఫోన్ చేసి విషయం చెప్పిన రోజులు తలచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. అప్పటి నుంచి ప్రతి పెళ్లినీ రెండు డిస్కుల్లోకి ఎక్కిస్తున్నాను. ఒకటి నా దగ్గర ఉంటుంది, ఇంకొకటి గుంటూరు లక్ష్మీపురంలో మా బావమరిది బీరువాలో ఉంటుంది.

ఆషాఢం కాబట్టి ఇప్పుడు కాస్త తీరిక దొరికింది. 2 టీబీ డిస్కులు కొత్తగా రెండు కొన్నాను. నిన్న రాత్రి 9 గంటలకు 640 జీబీ ఎక్కించడం మొదలుపెడితే తెల్లవారుజామున 3 అయింది. పెట్టె మీద సెకనుకు 5 గిగా అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ లెక్కన రెండు నిమిషాల పైచిలుకులో అయిపోవాలి కదా. కొన్న చోట అడిగితే "మీ కంప్యూటర్ పాతది సార్" అని తేల్చేశారు.

వేగం కొలిచే సాధనాలు ఉంటాయంటున్నారు. ఎలా కొలవాలి? తప్పు డిస్కుదో, నా కంప్యూటర్‌దో ఎలా తెలుస్తుంది? శ్రావణం ముహూర్తాలు మొదలైతే మళ్లీ నాకు ఊపిరి ఆడదు.

గవర్నర్‌పేట పాతకాపు | జులై 7, ఉదయం 6:45

సాధనాలూ వద్దు, గీధనాలూ వద్దు. ఒకే ముక్కగా 20 జీబీ ఉండే పెళ్లి వీడియో ఒకటి తీసుకోండి. గడియారం చూసి ఎక్కించండి. 20,000ను పట్టిన సెకన్లతో భాగించండి. సెకనుకు ఎన్ని మెగాబైట్లో తేలిపోతుంది.

మీరు చెప్పిన లెక్కనే చూద్దాం. 6 గంటలంటే 21,600 సెకన్లు. 640 జీబీని దానితో భాగిస్తే సెకనుకు 30 మెగాబైట్లు కూడా రావడం లేదు. ఇది అచ్చంగా యూఎస్‌బీ 2 వేగం. సీపీయూ ముందు వైపు నల్ల పోర్టులో గుచ్చి ఉంటారు. వెనక్కి తిప్పి నీలం పోర్టులో పెట్టండి. నా దుకాణానికి "డిస్కు నత్తలా ఉంది" అంటూ వచ్చేవాళ్లలో ఎక్కువ మందికి నేను చేసే వైద్యం ఇదే.

బ్రాడీపేట పెంగ్విన్ | జులై 7, ఉదయం 9:10

పాతకాపు గారి భాగహారం సరైనదే, కానీ ఆ గడియారాన్ని ఎప్పుడు ఆపాలన్నదే అసలు చిక్కు. తెర మీద గీత నిండగానే ఆపితే మోసపోతారు. కంప్యూటర్ ముందుగా సరుకంతా ర్యామ్‌లో, అంటే తన తాత్కాలిక జ్ఞాపకంలో దింపుకొని "అయిపోయింది" అంటుంది, తర్వాత తీరిగ్గా డిస్కుకు పంపుతుంది. నేను లినక్స్‌లో (విండోస్‌కు బదులు నేను వాడే వ్యవస్థ) డీడీ అనే రాత ఆదేశంతో 4 జీబీ సున్నాలు రాయిస్తే ఒకసారి సెకనుకు 1.2 గిగాబైట్లు అని చూపించింది. అది నిమిషానికి 5400 చుట్లు తిరిగే మామూలు డిస్కు. ఆ 1.2 నా ర్యామ్ వేగం, డిస్కుది కాదు. అదే ఆదేశం చివర ఎఫ్‌డేటాసింక్ అన్న ముక్క చేర్చి మళ్లీ రాయిస్తే 112 మెగాబైట్లు వచ్చింది. చివరి బైటు డిస్కు మీద పడేదాకా లెక్క ముగించవద్దని చెప్పడమే ఆ ముక్క పని.

ఇక 5 గిగా సంగతి. అవి గిగాబైట్లు కావు, గిగాబిట్లు. ఇంగ్లిష్‌లో పెద్ద బి, చిన్న బి అని తేడా ఉంది. తెలుగులో "ఎంబీపీఎస్", "జీబీపీఎస్" అని రాసేసరికి ఆ తేడా కాస్తా చెరిగిపోతోంది. అందుకే నేను ఎప్పుడూ మెగాబిట్లు, మెగాబైట్లు అని పూర్తిగా రాస్తాను, చాదస్తం అనుకున్నా సరే. 8 బిట్లు ఒక బైటు కాబట్టి 5 గిగాబిట్లంటే 625 మెగాబైట్లు. అదీ మొత్తం మనకు దక్కదు. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0లో తీగ మీద ప్రతి 8 బిట్లకూ 10 బిట్లు పంపుతారు. అంటే పై హద్దు 500 మెగాబైట్లు. మిగతా తంతు ఖర్చులు పోగా 400, 450 వస్తే గొప్ప.

అదైనా దారి వెడల్పు మాత్రమే. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తినా మీ వంటింటి కుళాయికి వచ్చేది మీ పైపు ఎంత ఉంటే అంతే. చేతిలో ఇమిడే 2.5 అంగుళాల డిస్కు కొత్తగా, ఖాళీగా ఉన్నప్పుడు 110 నుంచి 140 మెగాబైట్లు ఇస్తుంది. మీరు ఆశించాల్సింది అంతవరకే. 30 అయితే మాత్రం ఖచ్చితంగా తక్కువే.

గవర్నర్‌పేట పాతకాపు | జులై 7, ఉదయం 9:32

నేను 20 జీబీ అని ఎందుకు చెప్పానో గమనించలేదనుకుంటాను. ర్యామ్ కంటే పెద్ద ఫైలు తీసుకుంటే ఆ మోసం ఎంతసేపు నిలుస్తుంది?

బ్రాడీపేట పెంగ్విన్ | జులై 7, ఉదయం 9:40

గమనించాను. ఆయన ర్యామ్ 32 జీబీ అయితే?

సింగ్‌నగర్ స్టూడియో | జులై 7, రాత్రి 10:05

ఇద్దరికీ ధన్యవాదాలు. ర్యామ్ 16 జీబీ అండీ. పాతకాపు గారన్నట్టే డిస్కును వెనక నీలం పోర్టుకు మార్చాను. 22 జీబీ వీడియో ఎక్కించాను. మొదట్లో 300 మెగాబైట్లు చూపించింది. మా కుర్రాడు చప్పట్లు కూడా కొట్టాడు. కాసేపటికి జారిపోయి 33, 34 దగ్గర కూర్చుంది. అంటే పోర్టు మార్చినా పెద్ద మార్పు లేదు.

ఇంకో మాట. ఎవరో వీడియోలో చెబితే ఈ డిస్కుకు "మెరుగైన పనితీరు" అన్న ఎంపిక పెట్టాను. దానివల్ల ఏమైనా అయిందంటారా?

బ్రాడీపేట పెంగ్విన్ | జులై 7, రాత్రి 10:31

ఆ 300 వచ్చింది దానివల్లే. విండోస్ 10లో 1809 కూర్పు నుంచి బయటి డిస్కులకు మామూలుగా "త్వరిత తొలగింపు" ఉంటుంది. రాతను ర్యామ్‌లో పెద్దగా ఆపుకోదు, కాబట్టి తీగ లాగేసినా నష్టం తక్కువ. మీరు పెట్టిన ఎంపికలో సరుకు ర్యామ్‌లో ఆగుతుంది. డిస్కును సురక్షితంగా తొలగించే బొత్తాం నొక్కకుండా లాగితే మీకు పన్నెండో పెళ్లి కూడా పోతుంది. దాన్ని పాత స్థితికి మార్చండి. మీ పనికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక కొలవడం. క్రిస్టల్‌డిస్క్‌మార్క్ ఉచితంగా దొరుకుతుంది. ర్యామ్ మోసాన్ని పక్కన పెట్టి నేరుగా డిస్కుతో మాట్లాడుతుంది. మామూలుగా 1 జీబీతో 5 సార్లు పరీక్షిస్తుంది. మొదటిసారికి అది చాలు. నాలుగు వరుసలు కనిపిస్తాయి. మొదటి రెండూ పెద్ద ఫైలును వరుసగా చదివే, రాసే వేగం. కింది రెండూ 4 కేబీ ముక్కల్ని డిస్కు మీద ఎక్కడ పడితే అక్కడ వెతికి తెచ్చే వేగం. మీ వీడియోలకు రెండో వరుస చూసుకోండి, నాలుగో వరుస చూసి కంగారుపడకండి. పరీక్ష జరుగుతున్నప్పుడు ఇంకేమీ ఎక్కించవద్దు.

సింగ్‌నగర్ స్టూడియో | జులై 8, ఉదయం 8:15

ఎంపిక మార్చేశాను. పరీక్ష కూడా చేశాను. రెండో వరుసలో చదవడం 36, రాయడం 34. నాలుగో వరుసలో 0.39! కంగారు వద్దన్నారు కానీ పడ్డాను.

గవర్నర్‌పేట పాతకాపు | జులై 8, ఉదయం 8:40

నీలం పోర్టులో 34 అంటే డిస్కులోనే లోపం. గడువు దాటకముందే వాపసు ఇచ్చేయండి.

బ్రాడీపేట పెంగ్విన్ | జులై 8, ఉదయం 9:02

తొందరపడకండి. రోగిష్టి డిస్కు అయితే చదవడానికీ రాయడానికీ తేడా ఉంటుంది, అంకె ఒకసారి పైకి ఒకసారి కిందికి ఊగుతుంది. ఇక్కడ 36, 34. రెండూ ఒకే గోడకు తల కొట్టుకుని ఆగుతున్నాయి. యూఎస్‌బీ 2 హద్దు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. ఖర్చులు పోగా 35 నుంచి 40 మిగులుతుంది. ఆ గోడ ఇదే. డిస్కు ఏ వేగానికి ఒప్పుకుని కలిసిందో ముందు చూడాలి. లినక్స్‌లో అయితే ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆదేశానికి టీ అక్షరం తగిలిస్తే 480 అనో 5000 అనో చూపిస్తుంది. విండోస్‌లో యూఎస్‌బీ డివైస్ ట్రీ వ్యూయర్ అనే చిన్న సాధనం ఆ పని చేస్తుంది.

నీలం రంగు వాడుక మాత్రమే, చట్టం కాదు. యూఎస్‌బీ 3 పోర్టుకు గుర్తుగా పక్కన రెండు ఎస్‌లు వేస్తారు, అవి ఉన్నాయేమో చూడండి.

సింగ్‌నగర్ స్టూడియో | జులై 8, మధ్యాహ్నం 1:20

ఎస్‌లు రెండూ ఉన్నాయి. ఆ సాధనం మాత్రం డిస్కు 480 దగ్గరే కలిసిందని చెబుతోంది. ఇదే పోర్టులో కెమెరా కార్డు రీడర్ పెడితే 5 గిగాబిట్లు అంటోంది.

కాలువగట్టు | జులై 8, మధ్యాహ్నం 1:34

కేబుల్ డిస్కులోకి వెళ్లే చోట దగ్గరగా ఒక ఫొటో తీసి పెట్టండి. రెండో కొన, కంప్యూటర్ వైపుది కాదు.

సింగ్‌నగర్ స్టూడియో | జులై 8, మధ్యాహ్నం 1:50

ఇదిగోనండీ. దుమ్ము ఉంది, ఏమీ అనుకోవద్దు. [ఫొటో జతచేశారు]

కాలువగట్టు | జులై 8, మధ్యాహ్నం 1:57

డిస్కు నోరు చూడండి. అది రెండు గదులుగా ఉంటుంది. ఒక వైపు వెడల్పు గది, మధ్యలో చిన్న నొక్కు, పక్కన ఇరుకు గది. మీ ఫొటోలో వెడల్పు గదిలోకే కేబుల్ వెళ్లింది. ఇరుకు గది ఖాళీగా ఉంది, దుమ్ము అందులోనే పేరుకుంది.

అది డిస్కు కేబుల్ కాదు, పాత ఫోను చార్జర్ తీగ.

బ్రాడీపేట పెంగ్విన్ | జులై 8, మధ్యాహ్నం 2:03

అద్భుతం. నేను పోర్టులు, సాధనాలు అంటూ ఊరంతా తిరిగాను. కాలువగట్టు గారు గుమ్మంలో నిలబడి చూసేశారు.

తెలియనివారి కోసం రాస్తున్నాను. పాత యూఎస్‌బీకి ఉండేవి 4 తీగలు: రెండు కరెంటుకు, రెండు సమాచారానికి. యూఎస్‌బీ 3లో వాటికి ఇంకో 5 చేర్చారు. ఆ కొత్త అయిదూ కూర్చునేది ఆ ఇరుకు గదిలోనే. పాత తీగలు కూడా పనికిరావాలని నోటిని అలా రెండు గదులుగా కట్టారు. చార్జర్ తీగ గుచ్చితే డిస్కు మారు మాట్లాడకుండా పాత 4 తీగల మీదే పనిచేస్తుంది. తప్పు చూపించదు, దీపం కూడా మామూలుగానే వెలుగుతుంది. కరెంటు కూడా ఆ పద్ధతిలోనే తీసుకుంటుంది. యూఎస్‌బీ 2 లెక్కలో 500 మిల్లీఆంపియర్లు, 3 లెక్కలో 900. ఆ చాలీచాలని కరెంటుకు కొన్ని డిస్కులు టిక్కుటిక్కుమంటూ ఆగిపోతాయి. మీది నెట్టుకొచ్చింది.

సింగ్‌నగర్ స్టూడియో | జులై 8, సాయంత్రం 7:45

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. అసలు కేబుల్ పెట్టెలోనే ఉంది, ప్లాస్టిక్ సంచి కూడా విప్పలేదు. మా కుర్రాణ్ని అడిగితే జానెడు పొడవు కేబుల్ సీపీయూ నుంచి బల్ల మీదికి అందలేదట, తన పాత ఫోను తీగ పొడుగ్గా ఉందని అదే పెట్టాడట. "పట్టింది కదా సార్" అంటున్నాడు. పట్టింది, నిజమే!

అసలు కేబుల్‌తో కొలిస్తే చదవడం 139, రాయడం 132. నాలుగో వరుస 0.41.

గవర్నర్‌పేట పాతకాపు | జులై 8, రాత్రి 8:10

వాపసు ఇమ్మన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ సీపీయూ నేల మీద ఉందని ఇప్పుడే అర్థమైంది. బుడమేరు చూసిన మనిషి సీపీయూను నేల మీద పెడతారా అండీ?

సింగ్‌నగర్ స్టూడియో | జులై 8, రాత్రి 8:22

స్టూడియోను మొదటి అంతస్తుకు మార్చాను లెండి. ఇప్పుడు ఇక్కడ నేల అంటే ఒకప్పటి మా పైకప్పు.

పుస్తకాల పురుగు | జులై 9, ఉదయం 7:05

మధ్యలో దూరుతున్నందుకు మన్నించాలి. ఏలూరు రోడ్డులో, లెనిన్ సెంటర్ దగ్గర ఏళ్లుగా కొన్న పాత పత్రికలు నా దగ్గర చాలా ఉన్నాయి. వాటిని పేజీ పేజీగా స్కాన్ చేస్తున్నాను. ఇప్పటికి 1,40,000 పేజీలు, మొత్తం 42 జీబీ. నా కేబుల్ సరైనదే, ఇప్పుడే ఇరుకు గది కూడా చూసి వచ్చాను. క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో 120 చూపిస్తుంది. ఆ లెక్కన 6 నిమిషాల్లో అయిపోవాలి. నాకు 3 గంటలు పట్టింది. స్టూడియో గారి 640 జీబీ ఎక్కడ, నా 42 ఎక్కడ? ఆ 0.41 అనే అంకెకూ నా కష్టానికీ సంబంధం ఉందా?

బ్రాడీపేట పెంగ్విన్ | జులై 9, ఉదయం 10:15

చాలా దగ్గరి సంబంధం ఉంది. ఈ చర్చలో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న మీదే, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

డిస్కు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 11.1 మిల్లీసెకన్లు. మీకు కావలసిన ముక్క సూది కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, అంటే 5.6 మిల్లీసెకన్లు. అంతకు ముందు సూది సరైన గీత మీదికి జరగాలి, దానికి ఇంకొన్ని. మొత్తం 10 అనుకుంటే సెకనుకు 100 సార్లే వెతకగలదు. ఒక్కోసారి 4 కేబీ తెస్తుంది. 100 సార్లు 4 కేబీ అంటే 0.4 మెగాబైట్లు. స్టూడియో గారికి వచ్చిన 0.41 ఇదే. డిస్కు చెడిపోలేదు, ఆ యంత్రం చేయగలిగింది అంతే.

మీ పేజీలు ఒక్కోటి 300 కేబీ. 3 గంటల్లో 1,40,000 అంటే సెకనుకు 13. ఒక్క ఫైలు రాయాలంటే సరుకు రాయడంతో సరిపోదు. ఫలానా ఫైలు ఫలానా చోట ఉందని చిట్టాలో రాయాలి, ఖాళీ స్థలం పట్టీ దిద్దాలి. ఇవి డిస్కు మీద వేరే వేరే చోట్ల ఉంటాయి. సూది అటు వెళ్లి, ఇటు వచ్చి, మళ్లీ అటు. పైగా యాంటీవైరస్ ప్రతి పేజీనీ విప్పి చూస్తుంది. పత్రిక చదువుకోవడానికని కాదు!

పెళ్లివారి సామాను లారీలో ఒకేసారి పంపితే ఒక్క ప్రయాణం. గరిటె ఒకసారి, గిన్నె ఒకసారి అని ఆటోలో పంపితే మీ 3 గంటలు.

పుస్తకాల పురుగు | జులై 9, సాయంత్రం 6:30

అయితే సంచికలన్నీ ఒకే జిప్ చేసి పంపాలా? కుదించే సమయం దానికి తోడవుతుంది కదా.

బ్రాడీపేట పెంగ్విన్ | జులై 9, సాయంత్రం 6:41

కుదించవద్దు. స్కాన్ బొమ్మలు ముందే కుదించినవి, ఇంకా తగ్గవు. కుదింపు లేకుండా మూటకట్టే ఎంపిక జిప్‌లో ఉంటుంది. ఏడాదికొక మూట కట్టండి. మొత్తం ఒకే మూట అయితే ఒక్క పేజీ కోసం అంత పెద్ద పట్టీలో వెతుక్కోవాలి, మూట ఒక చోట పాడైతే దిగులు కూడా పెద్దదే.

పుస్తకాల పురుగు | జులై 10, ఉదయం 6:50

కంప్యూటర్ లోపలి ఎస్ఎస్‌డీలో (తిరిగే పళ్లెం లేని డిస్కులో) మూటలు కట్టడానికి 4 నిమిషాలు, బయటి డిస్కుకు పంపడానికి 6 నిమిషాల 20 సెకన్లు. 3 గంటల బదులు! కాఫీ పూర్తిగా తాగలేదు.

పటమటవాసి | జులై 10, రాత్రి 9:15

నా డిస్కు కూడా ఎవరైనా చూడండి. సగటు 95 వస్తుంది, కానీ మధ్య మధ్యలో అరనిమిషం సున్నా దగ్గర నిలిచిపోయి మళ్లీ పరుగెడుతుంది. డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగు వచ్చింది. సీ5 అన్న వరుసలో 18 ఉంది. ఇంకో నాలుగైదు సార్లు వేగం పరీక్ష చేసి సగటు తీయమంటారా?

గవర్నర్‌పేట పాతకాపు | జులై 10, రాత్రి 9:19

వద్దు! పరీక్షలు ఆపండి. ముందు అందులో ఉన్నది వేరే చోటికి తీసుకోండి. మళ్లీ దొరకనివి మొదట, సినిమాలు చివర.

బ్రాడీపేట పెంగ్విన్ | జులై 10, రాత్రి 9:30

పాతకాపు గారి మాటే నాదీ. సీ5 అంటే డిస్కు చదవలేక, మళ్లీ చూద్దామని పక్కన పెట్టిన సెక్టార్ల, అంటే డిస్కు మీది చిన్న గళ్ల లెక్క. ఆ సాధనం మామూలుగా పదహారు ఆధారంగా అంకె చూపిస్తుంది కాబట్టి మీ 18 అంటే ఒక పదహారు, ఒక ఎనిమిది, నిజానికి 24. ఇప్పటి డిస్కుల్లో 4096 బైట్ల ఒక్క ముక్కను 512 బైట్ల 8 సెక్టార్లుగా లెక్కేస్తారు. అంటే మీకు పోయినవి మూడు ముక్కలు కావచ్చు. మూడే కదా అనుకోవద్దు. ఆ అరనిమిషం ఆగడం ఏమిటంటే డిస్కు అదే చోటును చదవడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నించడం. సగటు అంకె దీన్ని దాచేస్తుంది. అందుకే ఒక్క అంకె కాక, తెర మీద వేగం ఎక్కి దిగే గీత మొత్తం చూడమంటాను.

నిర్వాహకుడు | జులై 10, రాత్రి 10:00

ఏ కంపెనీ డిస్కు మంచిదన్న వాదన ఈ చర్చలో వద్దు. అలాంటి మూడు సందేశాలు తీసేశాను.

సింగ్‌నగర్ స్టూడియో | జులై 12, రాత్రి 11:40

మళ్లీ వచ్చాను. కొత్త డిస్కు బ్రహ్మాండంగా ఉంది. అదే ఊపులో మూడేళ్ల నాటి 4 టీబీ డిస్కును కూడా పట్టాను. అందులో సగం చెరిపి కొత్తవి ఎక్కిస్తున్నాను. కేబుల్ సరైనదే, రెండు గదులూ నిండాయి. సీ5 సున్నా. క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో రాయడం 118. కానీ నిజంగా ఎక్కిస్తే మొదటి 25 జీబీ 115తో వెళ్లి, తర్వాత 20కి పడిపోయింది. కాసేపు టీ తాగి వస్తే మళ్లీ 110, మళ్లీ 20. పరీక్షలో లేని జబ్బు పనిలో ఎలా వచ్చింది?

బ్రాడీపేట పెంగ్విన్ | జులై 13, ఉదయం 8:50

పరీక్ష 1 జీబీది, మీ జబ్బు 25 జీబీ తర్వాతది. అందుకే దొరకలేదు.

ఇది పెంకుటిల్లు డిస్కు. పళ్లెం మీద ఎక్కువ సరుకు ఇరికించడానికి గీతల్ని ఒకదాని మీద ఒకటి కాస్త కప్పుతూ రాస్తారు, పెంకులు పరిచినట్టు. దీన్ని ఎస్ఎంఆర్ అంటారు. చదవడానికి ఇబ్బంది లేదు. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీద కప్పిన వరుసలన్నీ ఎత్తి మళ్లీ పరచాలి. వెంటనే అంత పని చేయలేక, డిస్కు మీ సరుకును ముందు ఒక పక్క వసారాలో దింపుకుంటుంది. వసారా నిండేదాకా 115. నిండాక లోపల పెంకులు సర్దుతూ, బయట మీ సరుకు తీసుకుంటూ 20. మీరు టీకి వెళ్లినప్పుడు వసారా ఖాళీ చేసుకుంది. కొత్తగా, ఖాళీగా ఉన్న డిస్కులో వరుసగా పరుచుకుంటూ పోతుంది కాబట్టి ఈ బాధ అంతగా తెలియదు. చెరిపి రాసిన డిస్కులోనే బయటపడుతుంది. పెట్టె మీద ఈ ముక్క రాయరు.

ఇలాంటిదాన్ని కొలవాలంటే డిస్కు నిండేదాకా రాయడమే. ఎఫ్3 అనే సాధనం 1 జీబీ ఫైళ్లు రాస్తూ ఖాళీ మొత్తం నింపుతుంది, తర్వాత చదివి సరిచూస్తుంది. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఉంది. 2 టీబీ అని చెప్పి 64 జీబీ అంటగట్టే నకిలీలు కూడా వీటికి దొరికిపోతాయి. రాత్రంతా పడుతుంది, ఒక్కసారి చేస్తే చాలు.

అప్పుడు ఇంకో వింత కూడా కనబడుతుంది. మంచి డిస్కులోనైనా నిండేకొద్దీ వేగం మెల్లగా తగ్గి, చివరికి దాదాపు సగమవుతుంది. కోటప్పకొండ తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కినవాళ్లకు ఇది తెలుసు. ఒకే చుట్టులో అంచున కూర్చున్నవాడు ఎక్కువ దూరం తిరుగుతాడు, నడుమ కూర్చున్నవాడు తక్కువ. డిస్కు అంచు గీత పొడుగు, అందులో సరుకు ఎక్కువ. నింపడం అంచు నుంచే మొదలవుతుంది. ఖాళీ డిస్కు మీద వచ్చిన 139ని చూసి మురిసిపోతే, 90 శాతం నిండిన నాడు 75 చూసి దిగులుపడాలి.

కాలువగట్టు | జులై 13, ఉదయం 9:15

4 టీబీదాన్ని గుంటూరు పంపండి. ఒకసారి రాసి బీరువాలో పెట్టడానికి పెంకుటిల్లు బాగానే ఉంటుంది.

గవర్నర్‌పేట పాతకాపు | జులై 13, ఉదయం 9:50

ఇంత తంటా ఎందుకు, బయటి ఎస్ఎస్‌డీ కొనుక్కోండి.

బ్రాడీపేట పెంగ్విన్ | జులై 13, ఉదయం 10:20

రోజువారీ ఎడిటింగ్‌కు అయితే కొనండి. తిరిగేది, జరిగేది ఏమీ ఉండదు కాబట్టి పురుగు గారి చిన్న ఫైళ్లకూ హాయి. కానీ దానికీ వసారా ఉంది. చవక రకాలు మొదట వేగంగా రాయడానికి సమాచారం దాచే ఒక్కో గడిలో ఒక్క బిట్టే పెట్టుకుంటాయి, నిండాక మూడు, నాలుగు బిట్లు ఇరికిస్తూ నెమ్మదిస్తాయి. పైగా మన ఎండలు. హార్డ్ డిస్క్ వేడెక్కితే వేగం పెద్దగా తగ్గదు, ఆయుష్షు తగ్గుతుంది. ఎస్ఎస్‌డీ తనను తాను కాపాడుకోవడానికి వేగమే తగ్గించుకుంటుంది. మే నెలలో బెజవాడలో మధ్యాహ్నం 2 గంటలకు కొలిచిన అంకె, తెల్లవారుజామున కొలిచిన అంకె ఒకటి కాకపోతే దుకాణంవాణ్ని తిట్టకండి. ఇక పాత పెళ్లిళ్లు 12 టీబీ దాచుకోవడానికి ఎస్ఎస్‌డీ కొంటే స్టూడియో గారు స్టూడియో అమ్ముకోవాలి.

పటమటవాసి | జులై 14, రాత్రి 8:05

అన్నీ బయటికి తీసుకున్నాను. రెండు ఫైళ్లు చదవలేకపోయింది, రెండూ సినిమాలే. ఆ డిస్కు పక్కన పడేశాను. పాతకాపు గారికి దండం.

సింగ్‌నగర్ స్టూడియో | జులై 19, రాత్రి 10:50

రెండో కొత్త డిస్కుకు అదే 640 జీబీ ఈ రోజు ఎక్కించాను. సాయంత్రం 6:10కి మొదలుపెట్టి, సురక్షితంగా తీయవచ్చన్న మాట తెర మీద పడ్డాకే గడియారం ఆపాను. రాత్రి 8 గంటలు. 6,600 సెకన్లు, సగటు 97. ఫొటోలు ఉన్న చోట తగ్గుతోంది, వీడియోలు రాగానే 130 దాటుతోంది, గీత చూస్తే ఏది ఏమిటో నాకే తెలిసిపోతోంది. 4 టీబీ పెంకుటిల్లు ఆదివారం గుంటూరు బస్సు ఎక్కుతుంది.

జానెడు కేబుల్ బల్లకు అందదు కాబట్టి సీపీయూ పక్కనే చిన్న పీట వేసి, డిస్కును దాని మీద కూర్చోబెట్టాను. మా ఆవిడ చూసి బాసికం కూడా కట్టమంది. కేబుల్‌కు మాత్రం పసుపు దారం కట్టాను, ఇంకో తీగ దాని చోటికి రాకుండా. మా కుర్రాడు తన చార్జర్ తీగ తీసుకెళ్లిపోయాడు. రెండు వారాలుగా ఫోను చార్జింగ్ ఎక్కడ పెట్టుకున్నాడో అడగలేదు.

గవర్నర్‌పేట పాతకాపు | జులై 20, ఉదయం 6:30

నా దుకాణంలో నీలం పోర్టు వైద్యానికి ముందు ఇప్పుడు డిస్కు నోరు చూస్తున్నాను. నిన్న ఒకటి దొరికింది.